జనవరిలో పారబోత, జులైలో కరువు: ఉత్తరాంధ్రలో కూరగాయల ధర ఎలా తేలుతుంది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కూరగాయల ధరల మీద ఏటా రెండుసార్లు గోల పుడుతుంది. సంక్రాంతి దాటిన రెండు మూడు వారాలకి రైతు వైపు నుంచి, వంకాయకీ టమాటాకీ కోత కూలి కూడా గిట్టడం లేదని. జులై, ఆగస్టుల్లో కొనేవాళ్ల వైపు నుంచి, ఐదొందల నోటు పట్టుకెళ్తే సంచి సగమే నిండుతోందని. పేపర్లో ఇవి రెండు వేర్వేరు వార్తలుగా వస్తాయి. మొదటిదానికి దళారుల్ని, రెండోదానికి వానల్ని తిట్టి అందరూ ఊరుకుంటారు. కానీ రెండింటికీ మూలం ఒక్కటే. ఇక్కడి పొలాల్లో కూరగాయలు ఎక్కువ భాగం ఒకే మూడు నాలుగు నెలల్లో కాస్తాయి, ఆ నెలలు అయిపోయాక మనం బయటి నుంచి వచ్చే లారీల కోసం ఎదురుచూస్తాం.

ఎందుకలా అంటే వరి చుట్టూ తిరిగే కేలండర్ వల్ల. వంశధార, నాగావళి కాలువల కింద పల్లమంతా ఖరీఫ్‌లో వరే. జూన్ రెండో వారం దాటాక నైరుతి రుతుపవనాలు వస్తే ఆకుమళ్లు, జులై ఆగస్టుల్లో ఉభాలు (నాట్లు), నవంబరు డిసెంబరుల్లో కోతలు. ఆ చేను ఖాళీ అయ్యేదాకా అక్కడ కూరగాయ మొక్క పెట్టడానికి చోటు ఉండదు, చేను ఖాళీ అయ్యాక నీళ్లు అందేది కొంత భూమికే, మిగతాదాంట్లో మినుము, పెసర చల్లేస్తారు. మెట్ట గరువుల్లో బోరు ఉన్నవాళ్లు కొంచెం ముందుగా, అక్టోబరు వానలు తగ్గీ తగ్గగానే నారు పెడతారు. అందరి చేలూ ఇంచుమించు ఒకేసారి కాపుకొస్తాయి. వంగ, టమాటా, చిక్కుడు, కేబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి అన్నీ డిసెంబరు చివర నుంచి మార్చి దాకా ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. ఏప్రిల్ వచ్చేసరికి నూతుల్లో నీరు అడుగంటుతుంది, ఎండ ముదురుతుంది, ఆట ముగుస్తుంది.

ఇందులో టమాటా సంగతి విడిగా చెప్పుకోవాలి. ఈ మొక్కకి పగటి ఎండ కంటే రాత్రి వేడి పెద్ద శత్రువు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పూత నిలవదు, నిలిచినా పిందె కట్టదు. కళింగపట్నం నుంచి భోగాపురం దాకా సముద్రం పక్కనున్న మండలాల్లో మే నెల రాత్రుళ్లు ఎంత ఉక్కగా ఉంటాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు, ఫ్యాను కింద మనిషికే నిద్ర పట్టదు. అదే మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, దానికి ఎగువనున్న కోలారు ఇంకా ఎత్తు. అక్కడ వేసవి రాత్రులు చల్లగా ఉంటాయి కాబట్టి మన దగ్గర మొక్క ఎండిపోయే నెలల్లోనే వాళ్లకి అసలు కాపు. అందుకే మే నుంచి సెప్టెంబరు దాకా శ్రీకాకుళంలో టమాటా ధర మదనపల్లెలో తేలుతుంది. ఇక్కడ ఎంత బాగా వాన పడింది, ఇక్కడి రైతు ఎంత కష్టపడ్డాడు అన్నదానితో ఆ నెలల్లో దానికి సంబంధం లేదు. అక్కడ తెగులు వస్తే తొమ్మిది వందల కిలోమీటర్ల అవతల శ్రీకాకుళం పాత బస్టాండు దగ్గర కొనుక్కునే మనిషి కట్టాలి, దాని మీద లారీ కిరాయి అదనం.

2023లో జరిగింది ఇదే. ఆ ఏడాది జులై నెలాఖరుకి మదనపల్లె మార్కెట్లో మొదటి రకం టమాటా కిలో 200 రూపాయల దగ్గరికి వెళ్లింది. రాష్ట్ర ప్రభుత్వం కొని రైతుబజార్లలో కిలో 50కి ఇస్తే జనం క్యూలు కట్టారు. సెప్టెంబరు వచ్చేసరికి అదే మదనపల్లెలో ధర పూర్తిగా కూలిపోయింది. రెండు నెలల్లో అంత ఎత్తు నుంచి అంత లోతుకి ఎలా పడుతుంది? నారు నాటిన 60, 70 రోజులకి కోత మొదలవుతుంది కాబట్టి. ధర మండిపోతున్నప్పుడు చూసి నాటినవాళ్లందరి పంటా ఒకేసారి మార్కెట్‌కి వస్తుంది. రైతు ఈరోజు ధర చూసి నాటతాడు, అమ్మేది రెండు నెలల తర్వాతి ధరకి. ఆ రెండు నెలల్లో తనలాంటివాళ్లు ఇంకెంతమంది నాటారో తెలిసే దారి అతనికి లేదు. రామభద్రపురం, బాడంగి చుట్టుపక్కల పండించేవాళ్లయినా, ఎచ్చెర్ల, రణస్థలం వైపు వాళ్లయినా ఇదే చీకట్లో నాటుతున్నారు.

సరుకు పావు వంతు తగ్గితే ధర కూడా పావు వంతే పెరగాలి కదా, మూడింతలు ఎందుకవుతుంది అని చాలామంది అడుగుతారు. కూర వండేటప్పుడు రెండు టమాటాలు వేసే ఇల్లు ధర రెట్టింపైనా కనీసం ఒకటైనా వేస్తుంది, హోటలుకైతే అసలు తప్పదు. ఎవరూ మానరు కాబట్టి ఉన్న సరుకు కోసం పోటీ పెరిగి ధర ఎగిరిపోతుంది. తిరగేసి చూస్తే జనవరిలో కూడా అంతే. కిలో ఐదు రూపాయలకి దొరికిందని ఏ ఇంట్లోనూ రోజుకి కిలో వంకాయ తినరు. సరుకు నిలవ ఉండదు, బెండకాయ రెండు రోజులకే ముదురుతుంది, తోటకూర సాయంత్రానికే వాడిపోతుంది. అమ్మేవాడికి ఆగే వీల్లేదు, కొనేవాడికి ఎక్కువ కొనే పని లేదు, అందుకే ధర నేల మీద పడుతుంది.

రామభద్రపురం కూరగాయల మార్కెట్ చూస్తే ఇదంతా కళ్లముందే కనిపిస్తుంది. విజయనగరం నుంచి సాలూరు మీదుగా రాయ్‌పూర్ వెళ్లే జాతీయ రహదారి మీద ఉన్న ఊరు అది. చుట్టుపక్కల మండలాల సరుకు అక్కడికి చేరి ఒడిశాకి, ఛత్తీస్‌గఢ్‌కి వెళ్తుంది. సీజన్‌లో పొద్దు పొడవకముందే ఆటోలు, ట్రాక్టర్లు, బైకు వెనక రెండు పక్కలా బస్తాలు కట్టుకున్నవాళ్లు. ఆ పూట ఎంత సరుకు వచ్చిందన్నది సగం లెక్క మాత్రమే, అవతలి నుంచి ఎంతమంది వ్యాపారులు, ఎన్ని బండ్లు వచ్చాయన్నది మిగతా సగం. ఘాట్ రోడ్డులో బండ్లు ఆగినా, అవతలి పట్టణాల్లో పండగో బందో ఉండి కొనేవాళ్లు రాకపోయినా, పొలంలో ఏ మార్పూ లేకుండానే ఆ పూట ధర సగానికి పడిపోవచ్చు. తెచ్చిన బస్తా వెనక్కి తీసుకెళ్తే మళ్లీ ఆటో కిరాయి, రేపటికి కాయ వాడిపోతుంది. ఆ సంగతి కొనేవాడికి బాగా తెలుసు, వేలంపాటలో అతని బలం అదే.

ఇక పారబోత. టమాటాలు రోడ్డు మీద పోసిన ఫొటో చూసి, ఊరికే పారబోసే బదులు పేదవాళ్లకి పంచొచ్చు కదా అనేవాళ్లు ఒకసారి ట్రే లెక్క చూడాలి. ఉదాహరణకి 25 కిలోల ట్రే, కిలో 6 రూపాయల లెక్కన 150కి పోయిందనుకుందాం. కోత కూలి ట్రేకి 40, ఆటోకి 25, కమీషనూ హమాలీ కలిపి 20. చేతికి మిగిలేది 65, అంటే కిలోకి రెండున్నర రూపాయలు. నారుకి, ఎరువులకి, మందులకి, ఊత కర్రలకి పెట్టిన మదుపు ఇందులోంచే రావాలి. ఇప్పుడు ధర 3కి పడిందనుకోండి. ట్రేకి వచ్చేది 75, కోసి తెచ్చి అమ్మడానికి పెట్టేది అంతకంటే ఎక్కువే. ఇక్కడినుంచి ప్రతి ట్రే కోసినకొద్దీ నష్టం పెరుగుతుంది, అందుకే చేను పశువులకి వదిలేస్తారు. మార్కెట్ దాకా తెచ్చాక ధర పడినవాళ్లే రోడ్డు మీద పోసేది. పంచాలన్నా ఇంకొకరి కూలీ, ఇంకో కిరాయి కావాలి.

అదే రోజు వీధిలో తోపుడు బండి మీద కిలో 15 చెప్తారు. రైతుకి 3, మనకి 15, మధ్యలో దోపిడీ అనిపిస్తుంది. దోపిడీ లేదని కాదు, కమీషన్ పేరుతో, తరుగు పేరుతో కోసేది చాలానే ఉంది, బస్తాకి రెండు కిలోలు ఊరికే తీసేసే అలవాటు చాలా చోట్ల ఉంది. అది ఆగాలి. అయితే బండి మనిషి లెక్క కూడా చూడాలి. రోజుకి నలభై కిలోలు అమ్మి ఇల్లు గడవడానికి నాలుగైదు వందలు మిగుల్చుకోవాలంటే కిలోకి పది పన్నెండు రూపాయలు తను వేసుకోవాల్సిందే, నలిగిపోయిన కాయల నష్టం కూడా అందులోనే. ఈ పది రూపాయలు కొన్న ధర 3 ఉన్నా మారవు, 60 ఉన్నా పెద్దగా మారవు. అంటే ధర పడిపోయిన రోజుల్లో రైతు వాటా అయిదో వంతుకి చిక్కిపోతుంది, ధర పెరిగిన రోజుల్లో ముప్పావు వంతు దాటుతుంది. 2024 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ప్రచురించిన పరిశోధన పత్రాల్లో వినియోగదారు పెట్టే రూపాయిలో రైతుకి చేరేది టమాటాలో 33 పైసలు, ఉల్లిలో 36, బంగాళాదుంపలో 37 పైసలని తేలింది. అవి సగటు అంకెలు. జనవరి రైతుకి ఆ సగటు కూడా అందదు.

ఉల్లి, బంగాళాదుంప దారి వేరు. ఇవి నిలవ ఉంటాయి, పైగా ఈ రెండు జిల్లాల్లో పండేది తక్కువ. బంగాళాదుంప ఫిబ్రవరి, మార్చిలో ఆగ్రా వైపూ బెంగాల్లోనూ తవ్వి కోల్డ్ స్టోరేజీల్లో పెడతారు, కాబట్టి ధర అప్పుడు తక్కువగా ఉండి నెలనెలా అద్దె, వడ్డీ కలుపుకుంటూ నవంబరు దాకా పెరుగుతుంది. ఉల్లికి మహారాష్ట్ర రబీ పంటే ఆధారం, దేశం మొత్తం మీద పండే ఉల్లిలో మూడింట రెండు వంతుల దాకా రబీలోనే వస్తుంది. మే కల్లా తీసి గోదాముల్లో పెట్టింది అక్టోబరు దాకా రావాలి, అక్కడ అకాల వర్షం పడి ఉల్లి కుళ్లితే దసరాకి ఇక్కడ తెలుస్తుంది.

ఇక్కడి జనం నేరుగా దెబ్బ తినేది కార్తీకంలో. నెలంతా నీచు మానేసే ఇళ్లు చాలా ఉంటాయి, వనభోజనాలు, సోమవారాలు, అయ్యప్ప మాలలు, అన్నింటికీ కూరలే. కంద, అరటికాయ, చిక్కుడు, వంకాయ, గుమ్మడి అన్నింటికీ ఒక్కసారి గిరాకీ పెరుగుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే తుపానులు. కొత్త కాపు ఇంకా చేతికి రాదు. ఇందులో పెద్దగా ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది: కార్తీకం ఏటా ఒకే తేదీకి రాదు. 2023లో అధిక శ్రావణం వచ్చింది కాబట్టి కార్తీకం నవంబరు మధ్యలో మొదలై డిసెంబరులోకి సాగింది, అప్పటికి మెట్ట కూరగాయలు కొంత దిగడం మొదలైపోతుంది. 2025లో అక్టోబరు 22కే మొదలైంది, వారం తిరక్కుండా అక్టోబరు 28న మొంథా తుపాను తీరం దాటింది. కార్తీకం ముందుగా వచ్చిన ఏడాది ధరల పోటు ఎక్కువ, వెనక్కి జరిగిన ఏడాది తక్కువ. అధికమాసం ఎప్పుడొస్తుందో పంచాంగంలో ముందే ఉంటుంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి కార్తీకం మళ్లీ నవంబరు రెండో వారానికి జరుగుతుంది. కార్తీకం మొదలయ్యేసరికి కాపుకొచ్చేలా గరువులో చిక్కుడో బీరో పెట్టగలిగిన రైతుకి ఈ లెక్క చాలా పనికొస్తుంది.

తుపాను దెబ్బ కూరగాయలకీ చెట్లకీ ఒకేలా ఉండదు. వంగతోట పోతే మళ్లీ నాటి మూడు నెలల్లో కాపు తీసుకోవచ్చు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పోయినవి కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో తాతల నాటి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. ఉద్దానం పనసకాయ లేతగా ఉన్నప్పుడే కోసి కూర కోసం ఒడిశాకి, కోల్‌కతాకి లారీల్లో వెళ్తుంది. ఎవరూ పెద్దగా నీరు పెట్టకుండా, మందు కొట్టకుండా వేసవిలో చేతికి డబ్బు తెచ్చే చెట్టు అది. కొత్త మొక్క పెడితే కాపుకి ఏళ్లు పడుతుంది. ఆ కుటుంబాలకి పోయింది ఒక పంట కాదు, వరసగా చాలా వేసవుల ఆదాయం. పరిహారం లెక్కలు మాత్రం చెట్టుకింత అని కట్టి అక్కడితో ఆపేస్తారు.

మామిడిలో విజయనగరానికి మంచి పేరుంది. సువర్ణరేఖ ఇక్కడి కాయ, ఒడిశా బెంగాల్ వైపు సుందరి అంటారు. బంగినపల్లి కంటే ముందు దిగుతుంది, ఎరుపు రంగు తిరిగిన భుజాలతో చూడగానే కొనాలనిపిస్తుంది, అవతలివాళ్లకి అదంటే మోజు. 2021 వేసవిలో విజయనగరం నుంచి ఢిల్లీకి కిసాన్ రైల్లో మామిడి వెళ్లింది. కానీ ధర విషయానికొస్తే మామిడి రైతుల్లో చాలామంది సీజన్‌లో ధర ఎంతుందో చూసేవరకు ఆగరు. జనవరిలో పూత మీదే తోట గుత్తకిచ్చేస్తారు. పొగమంచు పట్టి పూత మాడినా, తేనెమంచు పురుగు తగిలినా, ఏప్రిల్, మే నెలల ఈదురుగాలులకి కాయ రాలినా నష్టం గుత్తదారుదే, కాపు విరగకాసినా లాభం అతనిదే. అప్పు ఉన్న రైతుకి పూత నాటి డబ్బే ఆధారం, అందుకే ఒప్పుకుంటాడు. ఒక ఏడాది విరగకాస్తే మరుసటి ఏడాది చెట్టు సగమే కాయడం మామిడి స్వభావం. కాపు తక్కువైన ఏడాది ధర బాగుంటుంది, అప్పటికి చాలామంది చేతిలో తోట ఉండదు. రాలిన కాయ ఊరగాయకి పోతుంది, మిగల పండింది కొంత భీమాలిలో తాండ్ర అవుతుంది, నిలవ చేసి అమ్ముకోవడమంటే అదే. ఆ పని జిల్లాలో ఇంకా నాలుగు చోట్ల జరగాలి.

ఏజెన్సీ పళ్ల సంగతి ఇంకా అన్యాయం. సీతంపేట ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది, 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లానే. జూన్, జులైల్లో అనాస, దసరా చుట్టుపక్కల సీతాఫలం సంతకి దిగుతాయి. గిరిజనులు కొండ మీద నుంచి కావిళ్లతో మోసుకొస్తారు, బేరం కూడా కావిడి లెక్కనే, తూకం ఉండదు. పట్నంలో మనం కాయ లెక్కన, కిలో లెక్కన కొంటాం. కావిడిలో ఎన్ని కిలోలున్నాయో కొన్నవాడికి అంచనా ఉంటుంది, అమ్మినవాళ్లకి కొండ దిగిన అలసట ఉంటుంది, మళ్లీ మోసుకుని ఎక్కలేరు. సంతలో ప్రభుత్వం తరఫున ఒక కాటా, పక్కన ఆరోజు విశాఖ ధర రాసిన పలక పెడితే పెద్ద ఖర్చేమీ కాదు.

రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి, ఇన్నేళ్లయినా పేదవాడికీ రైతుకీ నేరుగా పనికొచ్చిన ఏర్పాటుగా నిలిచాయి. రోజూ పొద్దున్నే బోర్డు మీద ధరలు రాస్తారు, టోకు ధర కంటే కొంత ఎక్కువ, బయట చిల్లర ధర కంటే కొంత తక్కువ ఉండేలా. కొనేవాళ్లు తెలుసుకోవాల్సింది ఏమిటంటే, బోర్డు ధర రోజంతా ఒకటే గానీ కాయ రోజంతా ఒకటి కాదు. ఏడింటికి వెళ్లినవాళ్లకి ఆ ధరకి నవనవలాడే బీరకాయ దొరుకుతుంది, పదకొండింటికి వెళ్తే ఏరగా మిగిలింది. సాయంత్రం అయితే బోర్డుతో పని లేకుండా గుట్టల లెక్కన ఇచ్చేస్తారు.

జులైలో టమాటా ధర చూసి గుండె పట్టుకునే బదులు ఆ నెలలో ఇక్కడ ఏం పండుతుందో చూసి వండుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. వానాకాలంలో గరువుల మీద బెండ, బీర, ఆనప, గోరుచిక్కుడు వస్తాయి, దొండ పాదు ఉన్నచోట వారానికి రెండు కోతలు. గోగు నార పండించిన ప్రాంతం మనది, తొలకరి పడ్డాక గోంగూరకి కొదవ లేదు. పులుపు కావాలంటే వేసవిలో కొని పెట్టుకున్న ఏజెన్సీ చింతపండు ఉంటుంది, జూన్ దాకా పచ్చిమామిడి ఉంటుంది.

అయితే కొనేవాళ్లు సర్దుకోవడం వల్ల రైతు జనవరి కష్టం తీరదు. ఆ సరుకు కొంత జులై వైపు, అక్టోబరు వైపు జరగాలి. దానికి శాశ్వత పందిళ్లు కావాలి. రాతి స్తంభాలు, తీగ వేసిన పందిరి మీద కాకర, బీర, దొండ నేల తడిసినా కుళ్లవు, వానాకాలం పొడుగునా కాస్తాయి. మొదట్లో ఎకరాకి లక్షల్లో ఖర్చు, అది చిన్న రైతు సొంతంగా పెట్టలేడు, కౌలు రైతైతే వేరేవాళ్ల భూమిలో స్తంభం పాతలేడు. ఉద్యాన శాఖ పందిళ్లకి ఇచ్చే రాయితీ భూమి పాస్‌బుక్ ఉన్నవాళ్లకే అందితే పండించేవాడికి చేరనట్టే, ఎందుకంటే ఇక్కడ కూరగాయలు పండించేవాళ్లలో కౌలుదార్లు చాలామంది. రెండోది, ఏ మండలంలో ఈ వారం ఎన్ని ఎకరాల్లో ఏం నాటారన్నది రైతు సేవా కేంద్రాల సిబ్బంది పంట నమోదు కోసం ఎలాగూ రాసుకుంటారు. ఆ అంకెలు కోత అయ్యాక నివేదికలోకి ఎక్కే బదులు నవంబరులోనే, నారు కొనేముందే, రామభద్రపురం మార్కెట్ గేటు దగ్గరా ఊరి వాట్సాప్ గ్రూపుల్లోనూ కనపడితే, ఇప్పటికే టమాటా ఎక్కువైపోయిందని తెలిసిన రైతు ఆ అరెకరంలో ఇంకేదైనా పెట్టుకుంటాడు.